బావి పక్క గది

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది మహానందమ్మ, ఆమె ఇద్దరు బిడ్డలు, మంచం దిగని ముసలి అత్త, వీళ్లందరికీ నీళ్లు తోడే కృష్ణమ్మ. ఇంటాయన శేషాద్రి శెట్టి బజారుకు పోయాడు. నంద్యాల పత్తిమిల్లుకు కూలీలను తెచ్చే కంట్రాక్టు ఆయనది.

కృష్ణమ్మ శెట్టికి చెల్లెలి కూతురు. తల్లీ తండ్రీ పోయాక ఆళ్లగడ్డ నుంచి తెచ్చి పెట్టుకున్నాడు. పదహారేళ్ల పిల్ల. నలుగురిలో నోరు విప్పదు.

దొడ్డివాకిలి దగ్గర ఇద్దరు మిల్లు ఆడవాళ్లు నిలబడ్డారు. హన్నమ్మ, సుగుణమ్మ.

"బావికాడ గది బాడిక్కిస్తారంట గదమ్మా?"

"ఏ ఊరు మీది?"

"ఆళ్లగడ్డ పక్క పల్లె."

మహానందమ్మ పుట్టిల్లూ అటువైపే. మెత్తబడిపోయింది. ఊరడిగిన సంబరంలో కులం అడగడం మరిచింది. ఆ వీధిలో ఏ ఇల్లాలూ చేయని పొరపాటు అది. "మంచి గడియలే, పాలు పొంగించుకోండి" అని లోపలికి పోయింది.

కృష్ణమ్మే పాలు తెచ్చిచ్చింది. గది ముందర మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. పాలు పొంగి మంటలో పడ్డాయి. హన్నమ్మ గది తలుపు చూసి కళ్లొత్తుకుంది.

"ఏందక్కా?"

"గడియ లోపల ఉంది పాపా. మేం పండుకునే మిల్లు కొట్టంలో బయటుంటది. చీకటి పడితే మమ్మల్ని లోపల తోసి మేస్త్రీ బీగమేస్తాడు. మొన్న దూదికి నిప్పంటుకుంది. అరిచి అరిచి సచ్చినాం. మా తోటి కూలి ఓబులేసన్న బీగం పగలగొట్టకుంటే బూడిదే."

"ఎవురు ఏపిస్తాండారు బీగం?"

సుగుణమ్మ నవ్వింది. "మీ మామ. పొద్దున్నే పనికి లెయ్యకుండా ఊరికి పారిపోతామని."

కృష్ణమ్మ తలుపు గడియ వైపు చూసింది. అంతలో శెట్టి రానే వచ్చాడు.

"ఏయ్ హన్నమ్మా! నా ఇంట్లో ఏం పని నీకు? ఇది మాలపల్లె అనుకున్నావా?"

"తెలిసే వచ్చినాం శెట్టీ. ఊరంతా తిరిగినాం. ఏ ఇంటికి పోయినా 'శెట్టి మాట తెండి, గదిస్తాం' అన్నారు. ఆ మాటేందో నీ కాడ్నే తీసుకుందామని."

"కొట్టం ఉంది గదా!"

"తెల్లోళ్లు పోయినారు, కొత్త రాష్ట్రమొచ్చిందంటారు, మాకు మాత్రం పాత కొట్టమేనా? పాలు పొంగినయ్. ఇంక గది మాదే."

సందులో కాచుకొని ఉన్న మిల్లు ఆడవాళ్లు మూటలతో లోపలికొచ్చి బావి చుట్టూ కూర్చున్నారు. ఇరుగుపొరుగు గోడల మీదుగా తొంగిచూశారు.

"పోలీసుల్ని పిలిపిస్తా!"

"పిలిపిచ్చప్పా, తొందరగా పిలిపిచ్చు. వాళ్లకూ చూపిస్తాం ఆ కొట్టం."

పాలు పొంగిన పొయ్యిని ఆర్పితే ఆ చేతికి కీడంటారు. శెట్టి తన చేయి చాపలేదు. భార్యకూ చెప్పలేదు.

"కృష్ణమ్మా, పొయ్యిలో నీళ్లు పొయ్యి."

అందరూ ఆమె వైపు చూశారు. పాలు తెచ్చిన చెంబు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఈ ఇల్లు తప్పితే తనకు తల దాచుకునే చోటు లేదు. ఆ సంగతి మామకూ తెలుసు.

"నేను పొయ్యను మామా."

"ఎవురి కూడు తింటాండావే నువ్వు?"

"వీళ్లదే మామా. ఇన్నాళ్లూ నీదనుకున్యా."

బావి చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేచారు. "కొట్టానికి పోం! ఈడ్నే ఉంటాం!" శెట్టి వెనక్కి తగ్గి ఇంట్లోకి పోయాడు.

కృష్ణమ్మ వంగి ఆరిపోతున్న పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. మహానందమ్మ గడప దిగివచ్చింది. మందలిస్తుందేమో, చేయి పట్టి తీసుకుపోతుందేమో అనుకుంది పిల్ల. ఆమె వంగి, కృష్ణమ్మ చేతిలోని ఇత్తడి చెంబు లాక్కుంది. చెంగుతో రెండుసార్లు తుడిచింది. లోపలికి పోయి, మొగుడి మేనకోడలి ముఖం మీదే తలుపేసింది.