తాంబూలం పుచ్చుకున్నాక

శాంతికుమారి చేసిన పొరపాటు చిన్నదే. తాతబ్బాయి తాంబూలం పళ్ళెం ముందుకు చాచాడు, ఆమె అలవాటుకొద్దీ చేతులు పట్టింది. నలభై ఏళ్ళుగా అనకాపల్లి చుట్టుపక్కల ఏ ఊరి నాటకానికైనా ఆమెను అలాగే కుదుర్చుకుంటారు. ఆకులూ వక్కలూ చేతిలో పడ్డాయంటే ఒంట్లో ఎలా ఉన్నా ఆ రోజుకి వేషం కట్టాల్సిందే. వెనక్కిస్తే ఆ ఊరి పండక్కి అపశకునమట. తాతబ్బాయిది మాకవరపాలెం దగ్గర పల్లె, అమ్మవారి పండగ కమిటీలో పెద్ద.

"రాణి ఏసం నీదే, అమ్మగోరూ. మావోళ్ళు నీ పద్యం ఇని పదేళ్ళయింది" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

చెప్పాల్సిన మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఆరు నెలల కిందట థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు గుసగుసగా మిగిలింది. పద్యం మాట దేవుడెరుగు, కూరగాయల బండిని ఆపాలన్నా గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాల్సి వస్తోంది.

ఆమెకు వచ్చిన విద్య పాడటమొక్కటే అయితే కథ అక్కడితో సరిపోయేది. కానీ శాంతికుమారి పిచ్చి ఒక్కదానితో తీరేది కాదు. పన్నెండేళ్ళకి కోలాటం, పదిహేనేళ్ళకి హార్మోనియం. డాన్సు మాస్టారి దగ్గర అభినయం నేర్చుకుంటూ నేర్చుకుంటూ తెరలకు రంగులేసే ఆయన వెంట పడింది. మగవాళ్ళాడే తప్పెటగుళ్ళ అడుగుల్ని పెరటి తలుపేసుకుని ఆడింది. అట్టతో కిరీటాలు చేయడం, చమ్కీలు కుట్టడం సరేసరి. ఒక్కదాని మీదా కుదురు లేదని తల్లి నెత్తి బాదుకునేది. కూడు పెట్టింది మాత్రం గొంతొక్కటే. మిగతావన్నీ సరదాలని ఊరంతా అనుకుంది, ఆమె కూడా అదే అనుకుంది. ఇప్పుడా గొంతు పోయాక తనింకా ఆర్టిస్టేనా అన్న అనుమానం ఆమెను లోపల తినేస్తోంది.

హార్మోనిస్టు పోతన్న ఆమె తాంబూలం పుచ్చుకుందని విని తల పట్టుకున్నాడు.

"తాంబూలం తిరిగిచ్చీ శాంతమ్మా. నానెల్లి సెప్పీసి వత్తాను."

"వద్దు బావా. మాటలు మైకు దగ్గర సెప్పీసుకుంటాను. పద్యం నువ్వు పెట్టె మీద వాయించు, ఒక్కచ్చరం మింగకుండా. నాను నోరిప్పను."

"నోరిప్పకుండా ఏటి సేత్తావు?"

"సూద్దువుగాని."

"జనం రాళ్ళేత్తారు."

"ఏత్తే తగిలేది నాకే గదా."

పండగనాడు రాత్రి పదికల్లా మైకు ఆపాలని పోలీసులు చెప్పడంతో నాటకం ఏడింటికే మొదలైంది. మాటలన్నీ మైకుకు నోరానించి ఎలాగో నెట్టుకొచ్చింది. రాణి అడవికి పోతూ పసిబిడ్డను దాసికి అప్పగించే ఘట్టం వచ్చింది. ఆ పద్యం కోసమే వచ్చిన జనం సర్దుకుని కూర్చున్నారు.

పోతన్న రాగం ఎత్తాడు. శాంతికుమారి మైకు ముందునుంచి పక్కకు జరిగింది. బిడ్డ మీద కప్పే గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. గడప దాటబోయిన పాదాన్ని వెనక్కి తీసుకుంది. ఆ చేతుల్లోని అభినయం డాన్సు మాస్టారు నేర్పినది, పాదంలోని తాళం పెరట్లో దొంగతనంగా పట్టుకున్నది. పోతన్న ఎక్కడ గాలి ఆపుతాడో, ఎక్కడ సాగదీస్తాడో, తానూ పెట్టె వాయించిన మనిషి గనుక ఆమెకు ముందే తెలుసు.

మైకువాడు ఇవేవీ ఎరగడు. పాట వినబడకపోయేసరికి మైకు గొంతును అందుకోవడం లేదనుకుని వాల్యూం పెంచాడు. స్పీకర్లు కీచుమన్నాయి. కింద నుంచి తాతబ్బాయి కంగారుగా చేతులూపుతున్నాడు. శాంతికుమారి ఇక కేకలు మొదలవుతాయనుకుంది.

కేక వచ్చింది. ముందు వరసలో చాప మీదున్న ముసలావిడ అప్పలకొండమ్మ లేచి నిలబడింది.

"ఆ మైకు కట్టీరా బాబూ! మాకు ఇనబడతంది."

మైకువాడు బిత్తరపోయి వైరు పీకేశాడు. తర్వాత హార్మోనియం ఒక్కటే మోగింది. పద్యం చివరిదాకా ఎవరూ కదల్లేదు. అయిపోగానే వెనక నుంచి ఎవరో మొదలెట్టారు, ఆ వెంటనే పందిరంతా అందుకుంది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఆ కేక ఆమెకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ అది గొంతుకు దక్కింది. పోతన్న పెట్టె మీద చేతులాపి ఆమె వంక చూశాడు. కాటుక కారుతోంది. రాణి ఏడవాల్సింది పద్యం మధ్యలో, ఇప్పుడు కాదు.

"ఎత్తు బావా" అంది శాంతికుమారి. అది అతనొక్కడికే వినబడింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, బిడ్డ గుడ్డ విప్పి, మొదటి మడత దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.