ఎఫీ మామ్మ మౌనవ్రతం

ఎడిన్‌బరోలో గైడు బ్యాడ్జి పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. ఏడేళ్లుగా బ్యాడ్జి లేకుండానే నెట్టుకొస్తున్నాను. ఈసారీ తప్పితే ఉద్యోగం ఊడుతుందని కంపెనీవాళ్లు మొహం మీదే చెప్పారు. పరీక్ష అంటే యాత్రికులకు ఊరు చూపిస్తూ నడవడమే. పరీక్షాధికారి మిస్ కిన్‌కేడ్ యాత్రికుల్లో కలిసి మన వెంట నడుస్తూ, మనం చెప్పే ప్రతి ముక్కా రాసుకుంటుంది.

నా భయమంతా టల్లిస్ సందులో మూడో అంతస్తు కిటికీ గురించి. అక్కడ ఎఫీ డాల్గ్లీష్ అనే ఎనభయ్యేళ్ల మామ్మ ఉంటుంది. కింద ఏ గైడు నోరు విప్పినా పైనుంచి "తప్పు!" అని అరవడం ఆవిడ దినచర్య.

అందుకే ముందురోజు షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల డబ్బా పట్టుకుని మెట్లెక్కాను.

"మామ్మా, రేపొక్క పూట నోరు మూసుకో. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకురా మర్డో, డబ్బా ఇటివ్వు. ఒట్టు, నోరెత్తను."

మర్నాడు సందులో మామ్మ ఉండే ఇంటి ముందు నిలబడి, దాని మొదటి యజమాని కథంతా రక్తి కట్టించి, "ఈ ఇల్లు 1621లో కట్టించాడు," అని ముగించాను. ఆ సంవత్సరం మామ్మ తిట్టి తిట్టి నా బుర్రకెక్కించిందే. మిస్ కిన్‌కేడ్ మాత్రం నా వెనక గుమ్మం వైపు చూసింది. గుమ్మం రాయి మీద బెత్తెడు అంకెలతో 1612 అని చెక్కి ఉంది. ఏడేళ్లలో నేను ఒక్కసారీ వెనక్కి తిరిగిన పాపాన పోలేదు. మెడ పైకెత్తి కిటికీనే చూస్తుండేవాణ్ణి, చూపు తిప్పితే నెత్తిన ఏం కుమ్మరిస్తుందోనని భయం.

"మర్డో గారూ, మీకు చదవడం వచ్చా?" అంది మిస్ కిన్‌కేడ్.

గుంపంతా పకపకా నవ్వింది. పైకి చూశాను. మామ్మ బిస్కెట్ నములుతూ పెదాల మీద వేలు పెట్టుకుని, మాట నిలబెట్టుకుంటున్నానన్నట్టు తల ఊపింది.

"మామ్మా, ఒట్టు తీసి గట్టున పెట్టు! చెప్పు!"

"ఆ రాయి తప్పు!" సందు దద్దరిల్లింది. "పాతది పగిలితే ఇది మా ఆయన చెక్కాడు. ఆ రోజు విస్కీ ఎక్కువై అంకెలు తిరగేశాడు. అసలు రాయి మా వంటింట్లోనే ఉంది, దానిమీదే కెటిల్ పెడతా. నమ్మకపోతే పైకొచ్చి చూస్కోమ్మా!"

మిస్ కిన్‌కేడ్ నిజంగానే వెళ్లి చూసి దిగివచ్చింది. "1621 సరైనదే," అని మార్కు వేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ్మకు కింద నుంచే దణ్ణం పెట్టాను.

మామ్మ కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగింది.

"ఆగమ్మా, అప్పుడే ఏమైంది? వీడు ఉప్పు వ్యాపారి అన్నాడే, ఆయన ఉన్ని వ్యాపారి. ముగ్గురు పెళ్లాలన్నాడు, ఇద్దరే. ఉరి తీశారన్నాడు, పాపం జలుబు చేసి పోయాడు."

మిస్ కిన్‌కేడ్ కొత్త పేజీ తిప్పి శ్రద్ధగా రాసుకుంటోంది. మూడు తప్పుల దాకా క్షమిస్తారు. నాలుగోది పడిందా, ఇక ఇంటికే.

"మామ్మా, ఒట్టు! ఒట్టేశావు!" అని గొంతు చించుకున్నాను.

"గట్టున పెట్టమన్నావుగా నాయనా," అంది మామ్మ. "ఆఁ, నాలుగోది రాస్కోమ్మా."