పాటలో లేని పేరు

పట్టపగలు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో, రెండువందల మంది చూస్తుండగా హమాలీ సైదులును కొట్టారు. చేసిన నేరం పాట పాడటం. వీపు మీద బత్తాయి బస్తా ఉండగానే ఇద్దరు పోలీసులు కాలరు పట్టి లాగితే బస్తా చిట్లి కాయలన్నీ దొర్లిపోయాయి. కమీషన్ ఏజెంటు రామమోహనరావు కుర్చీలోంచి లేవనైనా లేదు.

"పాట బందైతే పని జల్ది అయితది సార్" అన్నాడంతే. సైదులును జీపెక్కించి ఠాణాకు తీసుకుపోయారు.

ఆ పాటకో పద్ధతుంది. లారీ దించేటప్పుడు సైదులు ఒక్కొక్కరి పేరు ఎత్తుకుంటాడు, హమాలీలంతా "ఉన్నం!" అంటారు. కష్టంలో ఉన్నవాళ్ల పేరు రెండుసార్లు పిలుస్తాడు. కాయలేరే అంజమ్మ మొగుడు దశరథ జ్వరంతో పోయి రెండేళ్లయినా అతని పేరు పాటలోంచి తీసెయ్యలేదు. ఆ పిలుపే లేకపోతే మన్సూరాబాద్ కిరాయి గదిలో గోడలు చూస్తూ అంజమ్మ ఏమైపోయేదో!

తెలంగాణ ఉద్యమం రాజుకున్న ఆ ఏడాది పాటలో కొత్త చరణం చేరింది. "పండించేకాడ ఉన్నం, మోసేకాడ ఉన్నం, పంచుకునేకాడ ఎందుకు లేం?" దాన్ని ఏజెంటు లేనప్పుడు మాత్రమే పాడేవారు. మరి ఆయన చెవిన ఎవరు వేశారు?

మధ్యాహ్నం హమాలీల షెడ్డులో మీటింగు పెట్టారు. చూపులన్నీ వెంకట్రావు మీదే. మూడేళ్లుగా వాళ్లతోపాటే బస్తాలు మోస్తున్న తెనాలి మనిషి.

"గా తెనాలోడే చెప్పిండు. వానికి మన తెలంగాణ ఎట్ల వడ్తది?" అన్నాడొకడు.

"నేనెందుకు చెబుతానండీ? మీ వీపుల్లాగే నా వీపూ కాయలు కాసింది" అన్నాడు వెంకట్రావు.

"మాటలకేం తక్వలేదు" అంది అంజమ్మ, అందరికంటే గట్టిగా. "మూడేండ్లసంది ఇంటున్నడు. ఒక్కపాలన్న గొంతు కలిపిండా?"

"నా పేరు ఒక్కసారైనా పిలిచారా అక్కా?"

అనుమానం పెనుభూతం, పట్టిందంటే ఎదుటివాడి మాట వినపడనివ్వదు. రేపట్నుంచి వెంకట్రావును పనిలోకి రానివ్వొద్దన్నారు. ఒక్కొక్క చెయ్యే లేస్తోంది. అంజమ్మ కూడా ఎత్తబోయింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. "పండించేకాడ ఉన్నం..." అంటూ సైదులు గొంతు. ముచ్చటపడి రికార్డు చేయించుకుని పెట్టుకున్న రింగ్‌టోను.

గబుక్కున నొక్కేసింది. అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం ఏజెంటు కుర్చీ ముందు కాయలేరుతుంటే ఇదే ఫోను ఇట్లాగే మోగింది. "మంచిగుందమ్మా, ఎవరి గొంతు?" అని నవ్వుతూ అడిగాడు రామమోహనరావు. మన నల్లగొండాయనే కదా అని, "మా సైదులుది సేటూ" అంటూ గొప్పగా చెప్పుకుంది.

షెడ్డులో ఎవరికీ తన మీద అనుమానం రాలేదు. తను నోరు మూసుకుంటే వెంకట్రావు పోతాడు, అంతే. అంజమ్మ ముందుకు జరిగింది.

"చేతులు దించుండ్రి" అంది. "చెప్పింది నేనే."

జరిగింది చెప్పి భోరున ఏడ్చింది. ఒకడు థూ అని ఉమ్మాడు. ముసలి హమాలీ రామచంద్రం లేచాడు.

"మా నల్లగొండోడని సేటును నమ్మినవ్. మనమంత గూడ పక్కన మోసేటోన్ని నమ్మకపోతిమి. ఏడ్సుడు తర్వాత, ఠాణాకు నడువుండ్రి!"

లారీలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ముందునుంచి నడుస్తుంటే విద్యార్థులు సంచులు భుజానేసుకుని కలిశారు.

ఠాణా గేటు దగ్గర ఎస్సై లాఠీ ఊపుతూ అరిచాడు. "ఆ పాట ఇంకెవరికొచ్చు? ముందుకు రండి!"

పాట ఎత్తుకునేవాడేమో లాకప్‌లో ఉన్నాడు. అప్పుడు జనంలోంచి వెంకట్రావు బయటికొచ్చాడు. అంజమ్మ తలెత్తి చూసింది. ఇన్ని మాటలన్నాక వీడు ఎవరి పక్క?

"సైదులన్నా!" అని ఎత్తుకున్నాడు, తన తెనాలి యాసలోనే.

"ఉన్నం!"

"అంజమ్మక్కా!"

"ఉన్నం!"

"దశరథన్నా!"

"ఉన్నం" అంటుండగానే వెంకట్రావు భుజం మీద లాఠీ పడింది. మోకాళ్ల మీద కూలిపోయాడు. పాట తెగిపోయింది.

లోపలినుంచి, పగిలిన గొంతుతో సైదులు పిలిచాడు.

"వెంకట్రావన్నా! వెంకట్రావన్నా!"

లాఠీలు మళ్లీ లేచాయి. అంజమ్మ పోయి వెంకట్రావు ముందు నిలబడి, అందరికంటే ముందు అరిచింది.

"ఉన్నం!"