సోములమ్మ ఎడమ భుజం

కాఫీ పళ్ళ కోతకు వెళ్ళే ముందు రాజకుమారి రోజూ ఒక గంట చెక్కేది. అరుగు మీద గుమ్మడిటేకు పలక పెట్టుకుని, కాగితం మీద బొగ్గుతో గీసిన బొమ్మను తిరగేసి దాని మీదికి దించుకునేది. ఉలితో తీసేసిన చోటు అచ్చులో తెల్లగా వచ్చేది, ఉంచిన గట్టు నల్లగా వచ్చేది. రంగు పూసి, కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్దేది. అడవిపందులు, థింసా ఆడే ఆడవాళ్ళు, సంతలో అల్లం బస్తాలు. అరకు చూడొచ్చినవాళ్ళు వాటిని కొనుక్కునేవారు.

గూడెంవాళ్ళు వేరే పని మీద వచ్చేవారు. మనిషి బొమ్మలోంచి ఆమె ఏది చెక్కి తీసేస్తే, అచ్చు పడగానే అది ఆ మనిషిలోంచి పోయేది. గాసి మెడ మీది కణితి అలాగే పోయింది. భీముడి దగ్గూ అంతే. మోకాలినొప్పి తీయించుకోవడానికి ముసలివాళ్ళు మంగలి ముందు కూర్చున్నట్టు వచ్చి కూర్చునేవారు.

ఒక పొద్దున రాజకుమారి అక్క సోములమ్మ వచ్చింది. దవడ వాచిపోయింది. రవిక ముందంతా నెత్తురు. మొగుడు ఫల్గుణ కొట్టాడు. పెళ్ళయిన మొదటి ఏడు వేలు విరిచాడు. రెండో ఏడు కడుపు మీద తంతే నాలుగో నెల పిండం పోయింది. ఇది మూడో ఏడు.

"బావ సెయ్యి తీసేత్తాను అప్పా, భుజం కాడికి" అంది రాజకుమారి.

"ఒద్దు" అంది సోములమ్మ, దవడ కదపలేక. "సెయ్యి పోతే కాలితో తంతాడు. కాలు పోతే పళ్ళతో కరుత్తాడు."

"మరేటి సెయ్యమంటావు?"

"నాలో బయం తీసెయ్యి."

భయం ఒంట్లో ఎక్కడుంటుందో రాజకుమారికి తెలియదు. కోతకు పోకుండా అక్కను ఎదుట కూర్చోబెట్టుకుని గీసింది. కళ్ళు గీసింది, పెదవులు గీసింది, ఒళ్ళో ముడుచుకున్న చేతులు గీసింది. అక్క అంబలి తాగుతుంటే గీసింది, గోడకు జారబడి కునుకు తీస్తుంటే గీసింది. పదకొండో కాగితం దగ్గర కనిపించింది. ఏ బొమ్మలో చూసినా ఎడమ భుజం చెవి వైపు రెండు వేళ్ళ మేర లేచి ఉంది, నిద్రలో కూడా. ఫల్గుణ కుడిచేతి దెబ్బ వచ్చేది అటువైపే.

ఆ బొమ్మను పలక మీదికి దించి, లేచిన ఆ కాస్త మేరా చెక్కి తీసేసింది. చెక్కపొట్టు ఉంగరంలా చుట్టుకుని కింద పడింది. అచ్చులో రెండు భుజాలూ సమంగా వచ్చాయి.

సోములమ్మ ఊపిరి వదిలి, "ఆకలేత్తంది" అంది.

ఆమె తింటుండగానే ఫల్గుణ వచ్చాడు, జీలుగు కల్లు కంపు కొడుతూ. అరుగు మీది కాగితాలు చింపేశాడు. అడ్డం వచ్చిన రాజకుమారిని పొట్టలో తన్నాడు. గోడకు ఆనించిన రోకలి తీసి, "ఇంటికి రా లంజా!" అంటూ పెళ్ళాం తల మీదికి ఎత్తాడు.

సోములమ్మ కళ్ళు మూయలేదు. దిగుతున్న రోకలిని రెండు చేతులతో పట్టుకుని లాగేసింది. ఏం జరిగిందో అతనికి తెలిసేలోపు మణికట్టు మీద వేసింది. ఎముక చిట్లిన చప్పుడు వీధి దాకా వినిపించింది. రెండో దెబ్బ మోకాలి మీద. అతను కూలిపోయాడు. మూడోది తల మీదికి ఎత్తింది.

"సోములూ, వొద్దే!" అని కేక పెట్టాడు.

రాజకుమారి అక్క ముఖం చూసింది. అందులో కోపం లేదు. కట్టెలు చీల్చేటప్పటి ముఖం అది. చెయ్యెత్తిన మనిషిని ఆపేదేదో కూడా ఆ చెక్కపొట్టుతోపాటే పోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. పొట్ట పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి ఫల్గుణ తల మీద బోర్లా పడింది.

"సంపేత్తావప్పా!"

"సంపితే ఏటవుద్ది?" సోములమ్మ నిజంగానే అడిగింది.

"జైల్లో ఎట్టేత్తారు."

"ఎడితే?"

అక్కను ఇక దేనితోనూ బెదిరించలేమని రాజకుమారికి అర్థమైంది. "ఆడు సచ్చిపోతే ఆడు సేసిందంతా ఆడితోనే పోద్దే అప్పా" అంది. "నువ్వు సేసిందొక్కటే మిగుల్తది."

సోములమ్మ తన రవిక మీది నెత్తురు చూసుకుంది. రోకలి దించింది.

నోరు కడుక్కుని, నెత్తుటి రవికతోనే రోడ్డెక్కి ఆటో ఆపింది. చెల్లెలు వెనక ఎక్కింది. పోలీసు స్టేషన్ బయట బల్ల మీద జనం కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళను దాటి నేరుగా లోపలికి వెళ్ళి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏంటమ్మా?" అన్నాడు రైటరు.

"నా మొగుడి సెయ్యీ మోకాలూ ఇరగ్గొట్టినాను, రాసుకోండి" అంది సోములమ్మ. "దానికన్నా ముందు మూడేళ్ళ సంగతుంది. అది ముందు రాయండి."