పొట్టి కటింగ్

పోలింగ్‌కు వారం ముందు, ఆదివారం ఉదయం పది గంటలకు అధికార పార్టీ కౌన్సిలర్ తన అక్క మొగుడి సెలూన్‌లో కుర్చీ ఎక్కాడు.

"గాలి ఎటుంది బావా? ఈసారీ నేనేగా?"

"మునుపు జనం నెల తిరక్కుండా వచ్చి పైపైన కత్తిరించమనేవాళ్లు. మీవాళ్లు సంస్కరణలంటూ కరెంటు చార్జీలు పెంచాక, మూడు నెలలు మళ్లీ రానక్కర్లేకుండా పొట్టిగా కొట్టెయ్యమంటున్నారు. వీధిలో తలలు చూసుకో బామ్మర్దీ."

"జుట్టుకీ ఓటుకీ ముడిపెడతావేంటి బావా!"

కౌన్సిలర్ నవ్వి, ప్రచారం కోసం పక్కపాపిడి తీయించుకుని వెళ్లాడు.

లెక్కింపులో నాలుగు వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మర్నాడు పదింటికి మళ్లీ అదే కుర్చీ ఎక్కాడు.

"ఎలా కొట్టమంటావు?"

"ఐదేళ్లు మళ్లీ రానక్కర్లేకుండా కొట్టు బావా."

బావ మిషన్‌ను జీరోకు పెట్టాడు.