గొడుగు కింద మనిషి

“ఇదిగో, ఆ గొడుగు తీసుకుని ఈ గోడ దగ్గర్నుంచి వీధి తలుపు దాకా ఒకసారి నడువు,” అన్నారు మా ఆయన.

నా చేతిలో టీ ట్రే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. బల్ల నిండా కాగితాలే. వెనకవీధిలో ముసలి దంపతులిద్దర్నీ వాళ్ళింట్లోనే ఎవరో తలలు పగలగొట్టి చంపేసి అప్పటికి అయిదు రోజులు. పోలీసులకి ఏమీ దొరకలేదు. దాంతో మా హాలే స్టేషనైపోయింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి మందులషాపాయనా, రిటైరైన హెడ్‌క్లర్కు గారూ సిద్ధంగా ఉంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఫైలు కదిలించని హెడ్‌క్లర్కు గారు ఈ కేసు మాత్రం వారంలో తేల్చేస్తానన్నారు.

టీవీ తెర మీద వెనకవీధి మలుపు, సన్నగా వాన, గొడుగు వేసుకుని వెళ్తున్న ఒక ఆడమనిషి. గురువారం మధ్యాహ్నం రెండూ నలభైకి మందులషాపు కెమెరాలో పడింది. మొహం కనబడదు. పదకొండు సెకన్లు నడిచి పెద్దవాళ్ళింటి వైపు తిరిగిపోతుంది. వీళ్ళ లెక్క ప్రకారం ఆ మనిషి వాళ్ళింటి వంటామె. రెండింటికి పని ముగించుకుని వెళ్ళినట్టు నటించి, గొడుగు చాటున మళ్ళీ వచ్చి, మూడు లోపల పని కానిచ్చేసింది. సింకులో దొరికిన మూడో టీ కప్పు ఆమెదే.

ఆ గొడుగు కింద ఉన్నది నేను. ఆ మూడో కప్పులో తాగింది నేను.

ట్రే నేల మీద పెట్టి గొడుగు తీసుకున్నాను. గోడ దగ్గర్నుంచి తలుపు దాకా నడిచాను. ఏ నటనా చెయ్యలేదు. చెయ్యడానికి ఒంట్లో శక్తి కూడా లేదు.

“అబ్బే,” అన్నాడు మందులషాపాయన. “ఎత్తు సరిపోయింది గానీ నడక కుదర్లేదండీ. చెల్లెమ్మ కాళ్ళీడుస్తూ నడుస్తుంది. ఆ మనిషిని చూడండి, పుట్టింటికి పోతున్నట్టు ఎలా పోతోందో!”

“మా ఆవిడకంత హుషారెక్కడిది?” అన్నారు మా ఆయన. “పగలంతా సూదిపని, తర్వాత ఇంటిపని.” ముగ్గురూ నవ్వారు. ల్యాబులో రక్తం తీసే నా ఉద్యోగాన్ని ఆయన సూదిపని అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అదే హాస్యం, అదే నవ్వు. ఆ పదకొండు సెకన్లు ఆయన నలభైసార్లయినా చూసుంటారు. ఒక్కసారీ ఆయనకి నేను కనబడలేదు. వంటింట్లోకొచ్చి గట్టు పట్టుకుని నిలబడ్డాను. దొరికిపోతానన్న భయం ఒక పక్క. నిజంగా నేను అలా నడుస్తానా అన్న ఆశ్చర్యం ఇంకో పక్క.

ఆ చనిపోయిన పెద్దావిడకి చక్కెర జబ్బు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీయాలి. ఎనిమిది నెలల కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ మధ్య రెండు గంటలూ మరెక్కడికీ వెళ్ళలేక వాళ్ళ మెట్ల మీదే కూర్చున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

“ఏం అమ్మాయ్, మెట్ల మీద కునికిపాట్లేంటి?” అంటూ ఆవిడ బయటికొచ్చింది. “రా, ఆ గదిలో నడుం వాల్చు. లోపల గడియ ఉంది, వేసుకో. నేను లేపుతాలే.”

గడియ వేసుకున్నాను. పెళ్ళయ్యాక నా మీద ఏ కేకా పడని నిద్ర అదే మొదటిది. మా ఇంట్లో నేను పడుకున్నా చెవులు పడుకోవు. అత్తగారు దగ్గితే నీళ్ళు, ఆయన తలుపు తీస్తే టవలు, పాలవాడి గంటకి గిన్నె. “ఆడది పగలు పడుకుంటే ఇల్లు పడుకున్నట్టే” అని కొత్తలో అత్తగారన్న మాట, జ్వరం వచ్చిన రోజున కూడా నన్ను మంచం మీద నుంచి లేపేది.

గురువారాలు నా డ్యూటీ రెండింటికే అయిపోతుంది. ఇంట్లో అయిదింటి దాకా అని చెప్పి, అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. “మొగుడు కొడతాడా?” అని ఒకసారి అడిగింది పెద్దావిడ. కొట్టడన్నాను. “అయితే మరేంటి?” అనబోయి ఆగి, “సరేలే, నిద్రకి కూడా సంజాయిషీ ఎందుకు?” అంది. పెద్దాయన నేనొచ్చానంటే రేడియో గొంతు తగ్గించేవాడు. నాలుగింటికి ఆవిడ తలుపు తట్టేది. ముగ్గురం టీ తాగేవాళ్ళం. నాలుగుంపావుకి పక్కసందులోంచి బస్టాపుకి పోయి, అయిదింటికి ల్యాబు నుంచి బస్సు దిగి వస్తున్నట్టు ఇంటికి చేరేదాన్ని.

ఆ గురువారమూ అంతే. కాకపోతే నిద్రలో ఉండగా గంట మోగింది. గేటు దగ్గర పెద్దాయన గొంతు, నెమ్మదిగా, “అమ్మాయి నిద్రపోతోంది. సాయంత్రం రా” అంటోంది. అవతలి గొంతు వినబడలేదు. నేను అటు తిరిగి మళ్ళీ నిద్రపోయాను.

ఆ వచ్చినవాడికి లోపల ఒక అమ్మాయి ఉందని తెలుసు. మర్నాడు పొద్దున్న వంటామె తలుపు తోసి కేకలు పెట్టిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాటే నా గుండెల్లో రాయిలా కూర్చుంది. వాడు ఎవరో నాకు తెలియదు. నేనెవరో వాడికి తెలుసేమో. ల్యాబులో చెయ్యి చాపిన ప్రతి మగవాడి వేళ్ళ వంకా చూస్తున్నాను. బస్సులో నా వెనక సీటు ఖాళీగా ఉంటే తప్ప కూర్చోవడం లేదు. మా హాల్లో కాలు మీద కాలేసుకుని “తెలిసినవాళ్ళ పనే, అనుమానం లేదు” అంటున్న వాళ్ళకి టీ ఇస్తున్నప్పుడు కూడా, వీళ్ళలో ఎవరైనా ఆ గేటు దగ్గర నిలబడ్డారా అనిపించేది.

పోలీసులకి చెప్పొచ్చు. ఏమని చెప్పను? “అక్కడికెందుకు వెళ్ళావు?” అంటారు. పడుకోడానికి అంటాను. ఆ మాట ఆడదాని నోట్లోంచి వస్తే ఊరు వినేది ఒకటే.

నన్ను గొడుగుతో నడిపించిన సాయంత్రం, వాళ్ళు వెళ్ళాక, అత్తగారికి పక్క సర్దుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

“గొడుగు మొహాన్ని దాస్తుంది గానీ, సంచి మోసి మోసి వంగిపోయిన భుజాన్ని దాస్తుందా?” అంది. “ఎవడున్నాడక్కడ?”

“ఎవరూ లేరత్తయ్యా. నిద్రపోయేదాన్ని.”

నా మణికట్టు వదిలేసింది. నమ్మిందో లేదో తెలియలేదు. “మావాడితో అనకు. నోరు మూసుకుని పడుంటే అదే చల్లారుతుంది,” అంది.

చల్లారలేదు. వంటామెని పోలీసులు మూడుసార్లు పిలిపించారు. ఆమె పనిచేసే ఇళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి. ఆ గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆమె డాక్టరమ్మ ఇంట్లో ఉందని అందరికీ తెలుసు. ఆ ప్రాణాలు చీకటి పడేలోపే పోయాయని డాక్టర్లు తేల్చారు. కానీ వీళ్ళ పట్టికలో హత్య మూడు గంటలకే జరిగిపోయింది. నాలుగుంపావుకి పెద్దావిడ గేటు దాకా వచ్చి, “వాన తగ్గలేదు, పదిలం” అనడం విన్నది నేనొక్కదాన్నే. ల్యాబుకి వెళ్తూ వస్తూ రోజూ స్టేషను ముందు నుంచే పోతాను. ప్రతిసారీ ఇవాళ అనుకుంటాను. ప్రతిసారీ అవతలి పేవ్‌మెంటుకి మారిపోతాను.

తొమ్మిదో రోజు సాయంత్రం మా ఆయన వంటింట్లోకొచ్చి ఒక కాగితం నా ముందు పెట్టారు. పైన వంటామె ఫొటో. కింద, ఈమెని ఎవరూ గడప తొక్కనివ్వొద్దని, ఈమె కదలికలు కనబడితే ఫలానా నంబరుకి చెప్పాలని. మా ఆయన నంబరే.

“అక్షరదోషాలు చూసిపెట్టు. పొద్దున్నే వీధి వీధంతా అంటించాలి.”

ఫొటోలో ఆమె ఎండకి కళ్ళు చికిలించి ఉంది. చెప్పకుండా తీసినట్టున్నారు. ఆయన పెన్ను కూడా తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ పెన్ను పట్టుకున్నప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను ఊరికే భయపడుతున్నాననుకున్నాను గానీ, నా భయాన్ని ఇంకొకామె చేత మోయిస్తున్నాను.

కాగితం తీసుకుని హాల్లోకి వెళ్ళాను. “ఇందులో దోషం ఫొటోలోనే ఉంది,” అన్నాను. “ఆ గొడుగు మనిషిని నేను.”

ముందు హెడ్‌క్లర్కు గారు నవ్వారు. తర్వాత ముగ్గురూ. “చెల్లెమ్మ కూడా రంగంలోకి దిగిందండోయ్!”

“నవ్వకండిరా,” అంది లోపలి గదిలోంచి అత్తగారు. “అది కోడలే. నేను మొదటిరోజే పోల్చాను.”

అప్పుడు మా ఆయన టీవీ వంకా నా వంకా చూశారు. నేను చెప్పాను, గురువారాలు, గది, నిద్ర, గేటు దగ్గర మాట, అన్నీ. స్నేహితులిద్దరూ చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. తలుపు వేసి ఆయన ముందు అడిగింది ఆ చచ్చిపోయిన వాళ్ళ గురించి కాదు.

“ఎవడి కోసం వెళ్ళావ్?”

“నిద్ర కోసం.”

“ఇంట్లో మంచం లేదా నీకు? రేపు నలుగురూ ఏమనుకుంటారు, మొగుడు నిద్ర కూడా పోనివ్వడనుకోరూ?” ఆయన గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువుంది. “స్టేషను గడప తొక్కావంటే మళ్ళీ ఈ గడప తొక్కకు.”

పొద్దున్న వెళ్ళాను. వెనక్కి చూసుకుంటూనే వెళ్ళాను. మొదటిసారి స్టేషను దాటి పోయి, బస్టాపు దాకా వెళ్ళి, తిరిగొచ్చాను.

రాసుకునే కానిస్టేబులు పెన్ను ఆపి, “పడుకోడానికా?” అన్నాడు, పక్కవాడి వంక చూసి. చెవులు వేడెక్కిపోయాయి. “నిద్రపోవడానికి,” అన్నాను. అతను ‘విశ్రాంతి నిమిత్తం’ అని రాశాడు. “నిద్రపోవడానికని రాయండి,” అన్నాను. ఇన్‌స్పెక్టరు తలెత్తి, “ఆవిడ చెప్పినట్టే రాయవయ్యా,” అన్నాడు. గేటు దగ్గర మాట చెప్పినప్పుడు మాత్రం కుర్చీ ముందుకి జరిపాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. “కొన్నాళ్ళు ఒంటరిగా తిరక్కండి,” అన్నాడు చివర్న. ఆ వచ్చినవాడెవరో ఇప్పటికీ దొరకలేదు. గంట మోగితే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

బయట వరండాలో బెంచీ మీద వంటామె కూర్చుని ఉంది. నా మాట రాసుకున్నాక నాలుగోసారి పిలిపించారు. ఈసారి సంతకం పెట్టించుకుని పంపించెయ్యడానికి. ఇన్‌స్పెక్టరు ఆమెకి విషయం చెప్పాడు. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది. నేను దణ్ణం లాంటిదేదో ఆశించానేమో. సిగ్గుపడాల్సిన మాటే.

“పది రోజులమ్మా,” అంది. “మీరెక్కడున్నారు?”

“భయమేసింది.”

“నాకు వెయ్యదా?”

బెంచీ మీద చోటుంది గానీ ఆమె కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు. లోపలికెళ్ళి సంతకం పెట్టొచ్చి, చేతికంటిన సిరా గోడకి రుద్దుకుంటూ నిలబడింది.

“పోలీసులొదిలేస్తే అయిపోయిందా? నాలుగిళ్ళ వాళ్ళు తలుపులేసుకున్నారు. ఇక్కడ గదిలో చెప్పినట్టు, ఆ నాలుగు గుమ్మాల ముందూ నిలబడి చెప్తారా? వీధంతా వింటుంది మరి.”

వీధంతా వింటుంది. వాడూ వింటాడేమో. సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాను.

“ముందు ఏ ఇంటికి?” అన్నాను.