సీలు విప్పని రైలు

దర్జీ తన బొమ్మరైలును సీలు విప్పకుండా అద్దాల బీరువాలో దాచాడు. నడుపుకోవడానికని అచ్చం అలాంటిదే ఇంకొకటి కొన్నాడు. దాని సీలు విప్పడానికీ ప్రాణం ఒప్పలేదు.

“పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి!” అంది భార్య.

రైల్వే గార్డుగా రిటైరైన మామగారు వచ్చి చూశారు.

“బండెప్పుడు కదుల్తుంది అల్లుడూ?”

“సీలు తీస్తే విలువ పోతుంది మామయ్యా.”

“ఆగిపోయిన బండిని జనం తిట్టగా విన్నాను గానీ మెచ్చుకోగా వినలేదయ్యా!” అంటూ ఆయన జేబులోని పాత విజిల్ తీసి గట్టిగా ఊదారు.

ఆ కూతకు దర్జీ కత్తెర ఆగలేదు, రెండో రైలు సీలు తెగింది. కాసేపటికల్లా రైలు కుట్టుమిషను కాళ్ల మధ్య నుంచి గుమ్మం దాకా చక్కర్లు కొడుతోంది. చొక్కా కోసం వచ్చినాయన లోపలికి అడుగు వేయబోయాడు. నేలమీద బోర్లా పడుకున్న దర్జీ కొలతల టేపును గుమ్మానికి అడ్డంగా పట్టాడు.

“గేటు పడిందండీ! బండి వెళ్లేదాకా ఆగాలి.”